అలసట వేరు, ఆలస్యము వేరు

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

ఈ సభలో విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విద్యను గూర్చి మాకు తెలిసినదంతయు ఈ వేదికమీదనే పలుమార్లు చెప్పియున్నాము. వినినవారు విసిగియు నుందురు. కావున వారి యనుమతి గైకొని, నేడొక వ్యాధిని గూర్చి ప్రసంగింప సాహసించుచున్నాము. మేము వైద్యులము గాము. బడిపంతులుగా జీవితము గడిపి, కొంత సంస్కృతము చదువుకొన్నవారము మాత్రమే. అయినను ఈ వ్యాధిలో సగము, వైద్యుని యొద్దకు బోవుటకు ముందే మన యొద్దకు వచ్చుచున్నది. ఎట్లందురా? "కోడలు పని చేయదు, పొద్దెక్కువరకు మంచము దిగదు" అని యొక తగవు వచ్చును. "పిల్లవానికి ఉద్యోగము నిలువదు, ఏ పనియు తుదముట్ట చేయడు, మాటకు ముందు కోపము" అని మరియొకటి వచ్చును. పెద్దమనుషులు కూర్చుండి బుద్ధులు చెప్పి పంపుదురు. అట్టివారిలో కొందరికి కావలసినది బుద్ధి గాదు, నరముల డాక్టరు.

ఆ వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. పేరు నోరు తిరుగనిదే గాని యర్థము సులభము: పలుచోట్ల గట్టిపడుట. మెదడునందును, వెన్నుపామునందును, కంటినరములందును మచ్చలు మచ్చలుగా గట్టిపడుట చేత ఆ పేరు వచ్చినది. నరముల పోగులపై మైలిన్ అను క్రొవ్వుపొర యొకటి కలదు. మన బోరుబావి మోటారుకు బోవు తీగను తలచుకొనుడు. లోని రాగి బాగుగనే యుండును. మీది తొడుగును ఎలుక కొరికినచో మోటారు ఒకనాడు తిరుగును, ఒకనాడు మూలుగును, ఒకనాడు నిలిచిపోవును. ఇచ్చట కొరుకునది ఎలుక కాదు. రోగములనుండి దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే త్రోవ దప్పి తన యింటి తీగలనే కొరుకును. కొంతకాలమునకు పొర కొంత పూడుకొనును, మనిషి కోలుకొనును. మరల నొకచోట కొరుకును. నాళ్లు గడచిన కొలది లోని రాగియు నరుగును.

1868వ సంవత్సరమున పారిసు నగరములోని సాల్పెత్రియేరు వైద్యశాలలో షార్కో అను వైద్యుడు దీనిని ప్రత్యేకవ్యాధిగా వర్ణించెను. ఇది ముసలితనపు రోగము గాదు. ఎక్కువమందికి 20 మొదలు 40 ఏండ్లలోపల, అనగా పెండ్లి, ఉద్యోగము, పిల్లలు అను మూడును వచ్చు వయస్సుననే ఇదియు వచ్చును. స్త్రీలకు పురుషులకంటె రెండుమూడింతలు ఎక్కువ. చలిదేశముల రోగమనియు, మన దేశమున లక్షకొకరికి మించి యుండదనియు మునుపు తలచెడివారు. ఎమ్మారై యంత్రములు వచ్చిన పిదప మంగుళూరు పట్టణమున లెక్కించిరి. లక్షకు 8 మంది తేలిరి. 2011 జనాభా లెక్కలనాటి నల్లగొండ, మహబూబునగర్ జిల్లాలు రెండింట గలసి 75 లక్షల జనము. పట్టణపు లెక్క పల్లెలకు యథాతథముగ పొసగదు గాని, అందులో సగమే యనుకొన్నను మూడువందల కుటుంబములు. వీరిలో నెందరికి తమ రోగము పేరు తెలియును?

తెలియకుండుటకు మన ప్రాంతమున నొక విశేషకారణము గలదు. నల్లగొండవారికి రోగమనగా కంటికి కనబడవలెను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతములలో భూమిలోని ఫ్లోరైడు బోరునీటితో కడుపులోనికి బోయి, పండ్లను పసుపు చారలు పట్టించి, వెన్నును వంచి, పిల్లల కాళ్లను వంకరదీసి, రెండు మూడు తరముల జనమును మన కన్నులయెదుట కూలద్రోసినది. 1955లోనే సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను. పటికయు సున్నమును వేసి నీటిని తేర్చెడు పద్ధతిని నాగపూరు నీరీ సంస్థవారు 1970 దశకమున కనిపెట్టి, దానికి మన జిల్లా పేరే పెట్టిరి. పేరు లోకమంతటను వ్యాపించినది. ఇంటింటికి కృష్ణనీరు వచ్చుటకు మరి నలుబదేండ్లు పట్టినది. అది వేరొక కథ.

ఇందువలన మన కనులకొక యలవాటు పడినది. ఎవడైన నడక తడబడి, కాళ్లు బిగిసి కనబడినచో "నీళ్ల దోషము" అని తీర్పు చెప్పుదుము. అందులో కొంత నిజము లేకపోలేదు. ఫ్లోరోసిస్‌లో వెన్నెముక లోని సందు ఇరుకై వెన్నుపాము నలిగి, కాళ్లు బిగిసిపోవును; పైకి రెండు రోగములు ఒకటిగనే తోచును. ఎక్సురే తీసినచో ఫ్లోరోసిస్‌వాని యెముకలు దట్టమై తెల్లగ గనబడును. రెండవవాని యెముకలు శుభ్రముగ నుండును. అప్పుడు "ఎక్సురేలో నేమియు లేదు" అను మాట వినబడును. ఆ వాక్యము ఇంటికి చేరునప్పటికి "వానికేమియు లేదు" అని మారిపోవును. కాళ్లు బిగియుట, చూపు మసకబారుట, చేయి తిమ్మిరెక్కుట అనునవి యేనాటికైన ఎమ్మారై దాక దీసికొనిపోవును. కాని ఈ వ్యాధిలో కనబడని భాగము మూడు విధములు: అలసట, బుద్ధి మందగించుట, మనస్సు క్రుంగుట. నడక బాగుగ నున్నవారిని సయితము ఇవి పట్టుకొనును. తగవులకు వచ్చునవి ఇవియే.

మొదట అలసట. మన తెలుగున "ఆలస్యము" అనగా జాగు చేయుటయని వాడుదుము; సంస్కృతమున దాని యర్థము సోమరితనము. సుశ్రుతసంహిత శారీరస్థానము నాలుగవ యధ్యాయమున తంద్ర, ఆవులింత, క్లమము, ఆలస్యము, గ్లాని మొదలగువానికి విడివిడిగ లక్షణములు చెప్పబడియున్నవి. ఆలస్యమనగా, శక్తి యుండియు పనియందు ఉత్సాహము లేకుండుట. సుఖమును కోరుట, కష్టమును ద్వేషించుట. క్లమమనగా, ఏ శ్రమయు చేయకయే దేహమున పుట్టి పెరుగు బడలిక; అందు రొప్పు ఉండదు, కాని యది ఇంద్రియములను తమ పని చేయనీయక అడ్డుపడును. రెండింటిని ఒకేచోట, ఒకదాని సరసన నొకటి పెట్టి చెప్పిన ఆ ప్రాచీనుని బుద్ధిసూక్ష్మతను చూడుడు. పైకి రెండును ఒకటే: మనిషి మంచముపై నున్నాడు. ఒకనికి శక్తి యున్నది, ఇచ్ఛ లేదు. మరియొకనికి ఇచ్ఛ యున్నది, శక్తి లేదు. సుశ్రుతునకు ఈ వ్యాధి తెలియునని మేమనుట లేదు. అట్టి యతిశయోక్తులు మన సభలలో నిప్పటికే యెక్కువైనవి. మాట మాత్రము మనకు అక్కరకు వచ్చునది. మల్టిపుల్ స్క్లెరోసిస్ గలవారిలో నలుగురిలో ముగ్గురికి ఈ క్లమమున్నది. చాలమంది తమకు గల బాధలన్నిటిలో దీనినే పెద్దదిగ చెప్పుకొందురు. రాత్రి నిద్రించినను పోదు. ఉదయము పేడకళ్లు ఎత్తి, వాకిలి చల్లి, ముగ్గు వేసిన యామె మధ్యాహ్నమునకు గిన్నె నెత్తలేకపోవును. తొడుగు పోయిన తీగలో సందేశము నడచుటకు మెదడు మిక్కిలి శ్రమపడవలెను. మనకు ఒక మూలతో నగు పనికి దానికి నాలుగు మూలలు పనిచేయవలసివచ్చును. అందుపై రాత్రి మాటిమాటికి మూత్రమునకు లేచుటచే నిద్ర చెడును. కూర్చున్నచోటనే యింత పని జరుగుచుండ, చూచువారికి "ఊరకే కూర్చున్నది" అని తోచును.

ఇక ఎండ. 1890లో జర్మనీ దేశపు నేత్రవైద్యుడు ఊథోఫ్, ఈ రోగులు వ్యాయామము చేసినప్పుడు వారి చూపు మసకబారి, విశ్రమించిన పిదప తిరిగి వచ్చుటను గమనించెను. కారణము ఒంటివేడి యని తరువాత దేలినది. తొడుగు చెడిన నరము వేడికి సందేశమును జారవిడుచును. ఒంటివేడి అర డిగ్రీ పెరిగినను చాలును. ఒకప్పుడు రోగనిర్ణయము కొరకు వైద్యులు రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టి చూచెడివారు. మిర్యాలగూడ, నల్లగొండల వైశాఖపు టెండలో 45 డిగ్రీలు ఒక వింత కాదు. మనకు తొట్టితో పని లేకయే ఆ పరీక్ష ప్రతి యేట జరుగుచున్నది. ఇందులో నొక యూరట గలదు: వేడివలన వచ్చిన యీ బలహీనత క్రొత్త చేటు గాదు, చల్లబడగానే తగ్గును. తడి తువాలు, కుండనీరు, వట్టివేళ్ల తడిక, పంకా అనునవి ఇచ్చట విలాసములు గావు, మందులే. ఒళ్లునొప్పులనగానే "సలసల కాగిన నీళ్లు పోసికొనుము" అనుట మన యిండ్ల యాచారము. ఈ రోగికి అట్టి స్నానమే స్నానపుగదినుండి బయటకు నడువనీయక పోవచ్చును. జ్వరము వచ్చినను ఇట్లే యగును.

పాలమూరు కూలీలు ఎన్ని ఆనకట్టలకు మట్టి మోసిరో మీకు మేము చెప్పనక్కరలేదు. పనియే పరువుగా బ్రదికిన సీమ మనది. "పనిదొంగ" అనుమాటకంటె కఠినమైన తిట్టు మన పల్లెలలో లేదు. అందుచేతనే ఆ మాటను తొందరపడి యనరాదు. మన వ్యవసాయదారులు వేసవిలో మబ్బున లేచి, పొద్దు పొడుచువేళకు సగము పని ముగించి, పొద్దు నెత్తికెక్కునప్పటికి చెట్టు నీడకు చేరుదురు. ఈ రోగికి సంవత్సరము పొడుగునను ఆ పద్ధతి యుండవలెను: బరువైన పని చల్లనివేళ, నడుమ నడుమ విశ్రాంతి, అలసినపిదప కాక అలయుటకు ముందే విశ్రాంతి. మన తాతలు ఎండకు వేసిన ఉపాయమే ఇది.

రెండవది బుద్ధి. మా యొద్ద చదివి, తరువాత లెక్కల పంతులమ్మయైన యొక శిష్యురాలు గలదు. పేరు చెప్పము. చిన్ననాట మేము ప్రశ్న ముగింపకముందే జవాబు చెప్పెడిది. ముప్పదిమూడవయేట కంటిచూపు ఒకవైపు మసకబారి, నెల దినములలో తిరిగి వచ్చినది, అందరును మరచిరి. తరువాత బడిలో నామెపై ఫిర్యాదులు మొదలైనవి. నల్లబల్లపై లెక్క సగములో నిలిపి, తరువాతి మెట్టు కొరకు వెదకుచు నిలుచుండును. పిల్లలు గోల చేసినచో చెప్పుచున్నది మరచును. తెలిసిన పిల్లవాని పేరు నోటికి రాదు. నిర్లక్ష్యమనిరి, ఇంటి గొడవలనిరి. మా యింటికి వచ్చి యామె చెప్పిన మాట మాకు నేటికిని జ్ఞాపకమున్నది: "లెక్క మర్వలే సార్, లెక్క కాడికి పోయే తొవ్వ పొడుగైంది."

ఇంతకంటె చక్కగ ఏ గ్రంథమును చెప్పజాలదు. ఈ వ్యాధిలో చెడునది మొదట వేగము. క్రొత్త విషయము నాటుకొనుటకు ఎక్కువమారులు కావలెను. మాట నాలుక చివర నిలిచిపోవును. ఒకేసారి రెండు పనులపై మనస్సు నిలువదు. పూర్వము నేర్చిన విద్య, భాష, లోకజ్ఞానము సాధారణముగ చెక్కుచెదరవు. ఇది వెర్రి గాదు, మతిలేమి గాదు. వైద్యులు దీనికొక చిన్న పరీక్ష పెట్టుదురు: తొమ్మిది గుర్తులకు తొమ్మిది అంకెలు జతపరచి చూపి, 90 సెకండ్లలో ఎన్ని గుర్తులకు అంకెలు చెప్పగలరో లెక్కింతురు. షార్కో మహాశయుడు ఆనాడే ఈ రోగులకు జ్ఞాపకము బలహీనపడుననియు, తలపులు మెల్లగ కదలుననియు వ్రాసియుండెను. ఆ మాటను తరువాతివారు శతాబ్దకాలము చెవిని బెట్టలేదు. కాళ్లను చూచిరి, కండ్లను చూచిరి, తలపును చూడలేదు. 1991లో అమెరికాలో సరిగ పరీక్షించి చూడగా, రోగులలో నూటికి నలుబదిమందికి పైగా ఈ కొరత గలదని తేలినది. మా శిష్యురాలికి హైదరాబాదులో ఎమ్మారై తీయించిన పిదప రోగము పేరు తెలిసినది. క్రొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయురాలు ఆమెకు ఉదయపు మొదటి రెండు గంటల పాఠములిచ్చి, మెట్లన్నియు ముందుగ కాగితముపై వ్రాసి తెచ్చుకొనుటకు అనుమతించినది. వేగము తిరిగి రాలేదు. ఉద్యోగము నిలిచినది.

మూడవది మనస్సు. దుఃఖమునకు కారణముండవలెనని మనము తలంతుము. భగవద్గీతలో అర్జునుని విషాదమునకు ఎదుట బంధువులు కారణముగ నుండిరి. ఇచ్చటను కారణము లేకపోలేదు: రేపు కాలు నడుచునో నడువదో తెలియని బ్రదుకు. కాని యదియొక్కటే కాదు. మెదడునందు ఆ వ్యాధి చేసిన గాయములే మనస్సును క్రుంగదీయగలవు. ఈ రోగులలో జీవితకాలమున సుమారు సగముమందికి వైద్యము కావలసినంతటి విషాదము కలుగును. వ్యాధి విజృంభించినప్పుడు ఇచ్చు స్టెరాయిడ్ మందులు కొందరికి నిద్ర పోగొట్టి చికాకు కలిగించును. ఆ కొలది దినముల కోపమును స్వభావముగ నెంచరాదు. మరికొందరికి, నవ్వు రాకూడనిచోట నవ్వును, ఏడ్పు లేనిచోట ఏడ్పును తమ యధీనములో లేకయే పొంగివచ్చును. చావింటిలో నవ్వినదని యొక యిల్లాలిని దయ్యము పట్టినదానిగ జమకట్టిన యుదంతమొకటి మేము వినియున్నాము. భూతవైద్యునకిచ్చిన సొమ్ముతో ఎమ్మారై తీయించియుండవచ్చును.

ఈ మూడును ఒకదానినొకటి పెంచును. అలసినవాని బుద్ధి మందగించును, మందగించినవానిని లోకము తిట్టును, తిట్లు తిన్నవాని మనస్సు క్రుంగును, క్రుంగినవాడు నిద్రపోడు, నిద్ర లేనివాడు మరింత అలయును. వీనిలో విషాదమునకు మందులును, మాటల చికిత్సయు చక్కగ పనిచేయును గనుక ముందుగ పట్టవలసిన కొస యది. "బ్రదుకుటెందుకు" అను మాట రోగి నోట వచ్చినచో అది నటన యని తీసిపారవేయరాదు. ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీమానస్ అను సహాయవాణి కలదు, సంఖ్య 14416. తెలుగునను మాటలాడుదురు.

మందుల మాట కొంచెము. వ్యాధి మరల మరల దాడి చేయకుండ తగ్గించు మందులు 1993 మొదలుకొని ఒకటొకటిగ వచ్చినవి. కొన్ని వెల చాల యెక్కువ. వ్యాధిని సమూలముగ తీసివేయునది లేదు. అలసటకు వాడుచుండిన మూడు మందులను 2021లో ప్రకటితమైన యొక పరీక్షలో ఉత్తుత్తి మాత్రతో సరిపోల్చగా, ఏదియు దానికంటె మిన్నగా తేలలేదు. కావున అలసటకు బలపు సూదులని తిరుగుట ధనవ్యయమే. ఓపిక కొలది ప్రతిదినము చేయు మితవ్యాయామమును, పనిని పంచుకొని చేయు పద్ధతియు మేలని తేలినవి. రక్తహీనత, థైరాయిడు లోపము తోడుగ నున్నవేమో చూపించుకొనవలెను. మన స్త్రీలలో మొదటిది మిక్కుటము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని పేరుపెట్టి 21 రకముల వైకల్యములలో చేర్చినది. సదరం శిబిరమునకు బోవువారు ఈ మాట నెరిగి పోవలెను. రక్తపరీక్షలో గాని ఎక్సురేలో గాని అలసట తేలదు. కావున నరముల డాక్టరు వ్రాసిన కాగితములన్నియు సంచిలో నుండవలెను.

చివర, మన సంఘమునకు సంబంధించిన మాట. దాపరికమును గూర్చి. ఇంట నొకరికి ఈ వ్యాధి యున్నదని తెలిసినచో చెల్లెండ్ర పెండ్లిండ్లు చెడునని భయపడి పేరు బయట పెట్టరు. ఇది అంటువ్యాధి కాదు. తల్లికో తండ్రికో ఉన్నచో బిడ్డకు వచ్చు నవకాశము నూటికి రెండుమూడు మాత్రము. ఈ వ్యాధి గలవారు తల్లులు కావచ్చును. గర్భకాలమున, ముఖ్యముగ చివరి మూడు మాసములలో, వ్యాధి తరచు శాంతించును. ప్రసవమైన తరువాతి మూడు నెలలలో మాత్రము తిరిగి రేగుట యెక్కువ. మనవారు తెలిసికొనవలసినది ఈ చివరిమాటయే. బాలింత లేవలేకున్నచో, చూపు మసకయనుచున్నచో, పుట్టింటి గారాబమని సరిపెట్టుకొని, వేడినీళ్లు పోసి గదిలో నుంచుట మన పద్ధతి. మందులు ఎప్పుడు ఆపవలెనో, ఎప్పుడు మొదలిడవలెనో గర్భము రాకముందే డాక్టరుతో మాటలాడుకొనవలెను. దాచినచో ఆ మాటలకు తావెక్కడ?

ఈ మధ్యాహ్నము కార్యవర్గము సమావేశమగునప్పుడు రెండు తీర్మానములను మేము ప్రతిపాదింప దలచినాము. పోషకమహాశయులు కూడ నుందురు గనుక ఇచ్చటనే విన్నవించుచున్నాము. "పని చేయదు", "పని చేయడు" అను కారణముచే దంపతులను వేరుచేయు తగవు ఏదైన సంఘపు పెద్దలయొద్దకు వచ్చినచో, ఆ మనిషిని ఒకమారు నరముల డాక్టరుకు చూపింపకుండ తీర్పు చెప్పరాదు. హైదరాబాదులో నిమ్స్ వంటి వైద్యశాలకు పోవు ఖర్చు పేదకుటుంబమునకు సంఘనిధినుండి యీయవలెను. నల్లగొండనుండి గాని పాలమూరునుండి గాని బస్సుచార్జి యెంతయో మీకు తెలియును. రెండవది, మన విద్యార్థివేతనము పొందు పిల్లలలో నెవరైన ఒక సంవత్సరము మార్కులు హఠాత్తుగ తగ్గినచో, వేతనము నిలుపుదల చేయుచు వ్రాయు ఉత్తరమునకు ముందు కార్యదర్శిగారు ఆ పిల్లల యింటికి ఒక మనిషిని పంపవలెను. రెండవ తీర్మానమునకు ఖర్చు లేదు. మొదటిదానికి మా వంతుగ ఒక నెల పింఛను కోశాధికారిగారికి ఈ యుదయమే యిచ్చియున్నాము. రసీదు ఇంకను రావలసియున్నది.